నోటిలెక్కకు నోరేది?

"పిల్లల చేత మాట్లాడిస్తే లెక్కలు రావండీ, గోల వస్తుంది." ఆ మధ్య స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక సీనియర్ ఉపాధ్యాయుడు అన్న మాట ఇది. హాల్లో సగం మంది నవ్వారు, మిగతా సగం తలూపారు. నేను నవ్వలేదు గానీ లేచి జవాబు చెప్పే సాహసమూ చెయ్యలేదు. భోజనాల వేళయింది. ఆ జవాబు ఇప్పుడు చెబుతున్నాను, కాస్త ఆలస్యంగా, కాస్త పొడుగ్గా.

అది ఆయనొక్కరి అభిప్రాయమైతే ఇంత రాయనక్కర్లేదు. మన ఇళ్లలో, బళ్లలో, ట్యూషన్ సెంటర్లలో, తనిఖీకి వచ్చే అధికారుల్లో ఒకే తీరుగా పాతుకుపోయిన నమ్మకం అది. విప్పి చూస్తే ఇలా ఉంటుంది. చిన్నపిల్లకు ముందు ఒక పద్ధతి నేర్పాలి: ఒకట్లు కలుపు, పది దాటితే ఒకటి చేతిలో పెట్టుకో, తర్వాత పదులు కలుపు, తీసివేతలో పైన చిన్న అంకె ఉంటే పక్కన అప్పు తెచ్చుకో. ఇది వందసార్లు రాయిస్తే చేతికి అలవాటవుతుంది. అర్థం సంగతి పెద్దయ్యాక దానంతటదే తెలుస్తుంది. ఇక కాగితం లేకుండా చేసే లెక్కంటారా, అది పుట్టు తెలివి ఉన్నవాళ్లకు వస్తుంది, లేదా అబాకస్ క్లాసుకు ఫీజు కట్టినవాళ్లకు వస్తుంది. చర్చించుకోవడానికి ఇందులో ఏముంది, జవాబు ఒకటే కదా!

జవాబు ఒకటేనన్నది నిజం. నా తగాదా మిగతా దానితో.

ముందు మాట సంగతి చూద్దాం. పాఠ్యపుస్తకాలు దీన్ని మనోగణితం అంటాయి. ఊళ్లో ఎవరూ అలా అనరు. పాలకేంద్రంలో, కిరాణా కొట్లో, ధాన్యం కాటా దగ్గర వినిపించే మాట నోటిలెక్క. కలం, కాగితం లేకుండా చేసే లెక్కకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మనవాళ్లకు బుర్ర గుర్తుకు రాలేదు, నోరు గుర్తుకొచ్చింది. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేస్తే అదీ పద్యాల్లోనే నడిచింది. పద్యంలో ఉన్న లెక్క కంటికన్నా ముందు చెవిన పడుతుంది. అలాగని పాతకాలపు వీధిబడి బంగారమని నేననడం లేదు. అక్కడా నోళ్లు తెరిచేవారు, కాకపోతే అందరూ ఒకే మాటను ఒకే రాగంలో అనడానికి. ఎక్కాల వల్లింపులో పిల్లవాడి సొంత మాట ఒక్కటీ ఉండదు. నేను అడుగుతున్నది వేరు. "నువ్వెలా చేశావు?" అన్నప్పుడు ఏడేళ్ల పిల్ల తన మాటల్లో చెప్పే సమాధానం.

అది ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పది నిమిషాలు రెండో తరగతిలో కూర్చోవాలి. పలకలు, పుస్తకాలు సంచుల్లో ఉన్నాయి. బోర్డు మీద 43 – 18 అని రాశాను, అడ్డంగా. నిలువుగా రాస్తే పిల్లల చూపు తిన్నగా ఒకట్ల స్థానం మీదకు పోతుంది, ఇక ఆలోచన ఉండదు. జవాబు తట్టినవాళ్లు చెయ్యి ఎత్తకూడదు. గుండె మీద పిడికిలి పెట్టుకుని బొటనవేలు లేపాలి. 1990లలో అమెరికాలో రూత్ పార్కర్, క్యాథీ రిచర్డ్‌సన్ రూపొందించిన నంబర్ టాక్స్ పద్ధతితో పాటు వ్యాపించిన కిటుకు ఇది. పక్కవాడి చెయ్యి లేస్తే మిగతా పిల్లలు ఆలోచించడం మానేస్తారు. గుండె మీది బొటనవేలు టీచరుకు మాత్రమే కనిపిస్తుంది.

బొటనవేళ్లు చాలావరకు లేచాక జవాబులు అడిగాను. 25, 35, 24, మళ్లీ 25. అన్నీ బోర్డు మీద రాశాను, ఏదీ తప్పనలేదు, ఏదీ ఒప్పనలేదు. అప్పుడు మొదలైంది అసలు పాఠం.

"పద్దెనిమిదికి రెండేస్తే ఇరవై. ఇరవై నుంచి నలభైకి ఇరవై. ఇంకో మూడు. అన్నీ కలిపి ఇరవై అయిదు" అంది ఒక పిల్ల. వాళ్లది టీకొట్టు. తీసివేతను కూడికగా మార్చడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, చిల్లర ఇచ్చే ప్రతి చెయ్యీ చేసే పనే అది. ఇంకొకడు లేచి, "నేను ఇరవై తీసేశాను సార్, ఇరవై మూడొచ్చింది. రెండు ఎక్కువ తీశాను కదా, అవి తిరిగిచ్చేశాను" అన్నాడు. మూడో పిల్ల చెప్పినది నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "నలభైలో పది పోతే ముప్పై. మూడులో ఎనిమిది పోవు, అయిదు బాకీ. ముప్పైలోంచి ఆ బాకీ కట్టేశా." ఆరో తరగతిలో రుణసంఖ్యల పాఠం చెప్పడానికి మనం నానా తంటాలు పడతాం. ఈ పిల్ల రెండో తరగతిలో బాకీ అని పేరు పెట్టి మరీ వాడేసింది.

ఇక 35 చెప్పిన పిల్లవాడు. "నాలుగులో ఒకటి పోతే మూడు, ఎనిమిదిలో మూడు పోతే అయిదు" అన్నాడు ధీమాగా. తరగతి కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక బల్ల నుంచి ఒక గొంతు: "ముప్పై అయిదుకి పద్దెనిమిది కలిపితే యాభై దాటిపోతుంది కదరా, మనకున్నది నలభై మూడే కదా?" వాడు బోర్డు వైపు చాలాసేపు చూశాడు. నేను ఏమీ అనలేదు. "నా జవాబు మార్చుకుంటాను సార్" అన్నాడు చివరికి. 24 చెప్పిన పిల్ల, తాను వేళ్ల మీద ఒకటి తప్పు లెక్కపెట్టానని తనే ఒప్పుకుంది.

ఇందులో గోల ఎక్కడుంది?

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఆ 35 పక్కన ఎర్రసిరాతో ఇంటూ మార్కు పెట్టేవాణ్ణి. ఒక ఏడాది కాదు, ఏళ్ల తరబడి. పక్కన "జాగ్రత్త!" అని కూడా రాసేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే వాడి లోపం అజాగ్రత్త కాదు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత తప్పుల్ని కంప్యూటర్ సాయంతో వర్గీకరించి చూపించారు: చాలా తప్పులు గాలివాటుగా వచ్చేవి కావు, పిల్లవాడు తానుగా కల్పించుకున్న ఒక నియమాన్ని శ్రద్ధగా పాటించడం వల్ల వచ్చేవి. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయడం, అది పైనున్నా కిందున్నా సరే, వాటిలో బాగా పేరున్నది. మా 35 అబ్బాయి నియమం అదే. ఎర్రసిరా ఆ నియమాన్ని చూడలేదు, చూడలేదు కాబట్టి మార్చలేదు. పైకి చెప్పించాను కాబట్టి నాకు వినబడింది, పక్కపిల్లకూ వినబడింది, అన్నిటికన్నా ముఖ్యంగా వాడికే వినబడింది. నోట్‌బుక్కు తప్పు జవాబును మాత్రమే దాచుకుంటుంది, తప్పు ఆలోచనను చూపించదు. అరవై నోట్‌బుక్కులు ఇంటికి మోసుకెళ్లి దిద్దే టీచర్లకు నేను చెప్పాలా ఈ సంగతి!

అప్పు పద్ధతి గురించి కూడా ఒక మాట. "మూడులోంచి ఎనిమిది పోదు, పక్కింటి నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో, పదమూడవుతుంది." ఒకటి తెస్తే పదమూడెలా అవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. తెచ్చినది ఒకటి కాదు, ఒక పది. ఒకసారి ఒక పిల్లవాడు నన్నడిగాడు: "ఈ అప్పు ఎప్పుడు తీరుస్తాం సార్?" నవ్వేసి ఊరుకున్నాను. వాడడిగినది నవ్వులాట కాదు. పదిని విడగొడుతున్నాం, చిల్లర మారుస్తున్నాం అని చెప్పాల్సిన చోట అప్పు అన్నాం. తీర్చనక్కర్లేని అప్పు గురించి రైతు బిడ్డకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు మన భాష దగ్గరకు మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మనం కాలదన్నుకుంటున్న ఆస్తి అక్కడే ఉంది. తెలుగులో అంకెల పేర్లు వింటే లెక్క సగం చేసిపెట్టినట్టుంటుంది. పదమూడు అంటే పదీ మూడూ. పందొమ్మిది అంటే పదీ తొమ్మిదీ. ముప్పై పాతరూపం ముప్పది, మూడు పదులు; నలుబది, ఏబది, అరువది, అన్నిట్లోనూ ఆ పది తొంగిచూస్తూనే ఉంటుంది. ఇరవై తర్వాత పదులు ముందు, ఒకట్లు తర్వాత, మెలిక లేదు. హిందీ పిల్ల వందదాకా దాదాపు ప్రతి అంకెకూ విడిగా పేరు బట్టీపట్టాలి. ఇంగ్లీషు పిల్ల పదమూడు నుంచి పందొమ్మిది దాకా ఒకట్లు ముందూ పది వెనకా చెప్పి, ఇరవై ఒకటి నుంచి తిరగేసుకోవాలి. పైగా థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా తగులుతాయి. మన పిల్లకు ఈ బాధలేవీ లేవు. ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు అని నోటితో అన్నప్పుడు ముప్పై, ఇరవై ముందు దొరుకుతాయి. యాభై. ఎనిమిదీ ఏడూ పదిహేను. అరవై అయిదు. ఎడమ నుంచి కుడికి, మాట నడిచినట్టే లెక్క నడుస్తుంది. పెద్ద ముక్క ముందు తేలుతుంది కాబట్టి జవాబు ఎక్కడికో ఎగిరిపోయే ప్రమాదం తక్కువ.

అలాంటి పిల్లను పట్టుకుని మనం ఏమంటాం? "కాదమ్మా, కుడివైపు నుంచి మొదలెట్టాలి." ఒకప్పుడు నేనూ అన్నాను. కొట్టు నడిపే ఇంటి పిల్ల పదులు ముందు కలిపి జవాబు సరిగ్గా చెబితే, అట్లా కాదు అని నిలువుగా రాయించాను. జవాబు సరైనదే, నేను తప్పన్నది ఆమె బుర్రని. ఇక ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బళ్లు ఇంగ్లీషు మీడియం వైపు నడిచాయి. ఆ వాదన ఇక్కడ తేల్చను. అయితే పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉన్నా, "ఎలా చేశావు?" అన్నదానికి జవాబు మాత్రం ఇంటి భాషలోనే రానివ్వండి. ఏడేళ్ల పిల్ల ఆలోచనను, భాషను ఒకేసారి మోయలేదు.

పద్ధతి ముందు, అర్థం తర్వాత అనేవాళ్లకు చూపించాల్సిన లెక్క ఒకటుంది. కాన్‌స్టన్స్ కమీ మనస్తత్వవేత్త పియాజే దగ్గర చదువుకున్న విద్యావేత్త, అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయంలో పనిచేసింది. కాగితం లేకుండా 7 + 52 + 186 కలపమని రెండో తరగతి పిల్లల్ని అడిగింది. చేతిలో ఒకటి వేసే పద్ధతి నేర్చుకున్న తరగతిలో సరైన జవాబు చెప్పినవాళ్లు 12 శాతం. ఏ పద్ధతీ నేర్పకుండా, పిల్లలు తమ దారుల్ని తామే వెతుక్కుని చర్చించుకున్న తరగతిలో 45 శాతం. 1998లో ఆన్ డొమినిక్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఈ అంకెలున్నాయి. నన్ను ఆపేసినవి శాతాలు కావు, తప్పు జవాబులు. పద్ధతి నేర్చిన పిల్లల్లో 938 అన్నవాళ్లున్నారు. అదెలా వచ్చిందో కాగితం మీద వేసి చూశాను: రెండూ ఆరూ ఎనిమిది, అయిదూ ఎనిమిదీ పదమూడు, మూడు వేసి ఒకటి చేతిలో, ఆ ఒకటికి ఏడూ ఒకటీ కలిపితే తొమ్మిది. ఏడు వందల స్థానంలోకి వెళ్లి కూర్చుంది. ఎక్కడా కూడిక తప్పలేదు. నూట ఎనభై ఆరుకు ఇంకో అరవై కూడా కలవనప్పుడు తొమ్మిది వందలు ఎలా వస్తాయని ఆ పిల్లకు అనిపించలేదు, అంతే. ఏడు ఏడేనన్న ఇంగితాన్ని పద్ధతి మింగేసింది.

కమీ అయితే పద్ధతులు చిన్నపిల్లలకు హానికరమనే అంటుంది. నేను అంత దూరం వెళ్లను. మూడంకెల సంఖ్యలు నాలుగైదు ఒక చోట చేరితే నిలువు కూడిక చక్కటి సాధనం, మూడో తరగతి చివరికి ప్రతి పిల్లకూ రావాలి. నా పేచీ వరుస గురించి. నోటిలెక్క బాగా నానిన పిల్లకు ఆ పద్ధతిని రెండు వారాల్లో నేర్పొచ్చు, ఎందుకు పనిచేస్తుందో ఆ పిల్లే చెబుతుంది. పద్ధతితో మొదలుపెట్టిన పిల్లను నోటిలెక్క వైపు మళ్లించడం చాలా కష్టం. వేలితో గాలిలో నిలువు లెక్క రాసుకుంటూ ఉంటుంది.

బజారు సంగతి ఎత్తకుండా ఈ వాదన పూర్తి కాదు. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో కరాహెర్ దంపతులు, ష్లీమన్ కలిసి వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లల్ని పరీక్షించారు. అమ్మకం దగ్గర అడిగిన లెక్కల్లో 98.2 శాతం సరిగ్గా చేశారు. అవే లెక్కల్ని కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 36.8 శాతం. ఒక కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అంటే, ఆ పిల్లవాడు మూడు కాయలకు 105, ఇంకో మూడుతో 210, అలా 315 దాటి 350కి చేరాడు. సున్నా పెడితే సరిపోయేది కదా అని మనం నవ్వుకుంటాం, కానీ ఆ దారి వాడి సొంతం. మన దేశంలోనే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కిలో ఇరవై చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు, కిలో పదిహేను చొప్పున కిలో నాలుగు వందల గ్రాముల ఉల్లిపాయలు కొని, రెండు వందల నోటిస్తే తిరిగి ఎంత ఇవ్వాలి? ఇలాంటివి ఆ పిల్లలు చాలావరకు కాగితం లేకుండానే తేల్చేశారు. నూట అరవై మూడు. బడి లెక్కల్లో మాత్రం తడబడ్డారు. బడి పిల్లలు ఇందుకు సరిగ్గా విరుద్ధంగా, బజారు లెక్కల్లో తెల్లమొహం వేశారు.

ఈ ఫలితాన్ని మా సీనియర్ మిత్రుడి లాంటివాళ్లు తమ వైపు లాక్కుంటారని నాకు తెలుసు. "చూశారా, బజారు తెలివి బడికి పనికిరాదు, కాబట్టి పద్ధతే నేర్పాలి." కాస్త ఆగండి. పద్ధతి నేర్చిన పిల్లల చేతిలో ఆ పద్ధతి బడి గేటు దాటలేదని కూడా అదే అధ్యయనం చెబుతోంది. రెండు వైపులా ఓడిపోతున్నారు. ఎందుకన్నదానికి నా జవాబు ఇది, అధ్యయనం నోట పెట్టడం లేదు: బజారులో లెక్క ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. రైతుబజారుకు వెళ్లి నిలబడండి. "ముప్పావు కిలో వంకాయలు పదిహేను, అర కిలో టమాటా పన్నెండు, ఇరవై ఏడు" అంటుంది అమ్మే ఆమె. "పన్నెండెట్లా అవుతుంది, కిలో ఇరవై అన్నావు కదా?" అంటాడు కొనేవాడు. ఆమె తన లెక్కను పైకి విడమరచి చెప్పాలి, ఒప్పించాలి, తప్పయితే దిద్దుకోవాలి. రోజుకు వందసార్లు. అది చర్చే కదా? బడిలో "ఎట్లా అవుతుంది?" అని పిల్లను ఎవరూ అడగరు. రైటో, ఇంటూవో పడుతుంది, పేజీ తిరుగుతుంది. బజారు నేర్పినది బేరం కాదు, జవాబుదారీ. ఆ ఒక్క ప్రశ్నను బడిలోకి తెస్తే బజారు పిల్లకు తన తెలివి ఇక్కడా చెల్లుతుందని తెలుస్తుంది, బడి పిల్లకు తన అంకెలు బయటా చెల్లుతాయని తెలుస్తుంది.

ఇక అభ్యంతరాలు. వీటిలో కొన్ని గట్టివి.

టైం లేదంటారు. పది నిమిషాలు చాలు, రోజుకు ఒక లెక్క. ప్రార్థన తర్వాత హాజరు వేయడానికి, సెల్‌ఫోన్‌లో యాప్ తెరుచుకోవడానికి అంతకన్నా ఎక్కువే పోతోంది. ఆ మాట పొడిగించను.

ఒకే టీచరున్న బడిలో అయిదు తరగతులు కలిసి కూర్చుంటే ఎలా అంటారు. అక్కడే ఇది ఇంకా బాగా నడుస్తుంది. రెండో తరగతి వాళ్లకు 40 – 19, అయిదో తరగతి వాళ్లకు 400 – 199. ఇరవై తీసి ఒకటి తిరిగిస్తానన్న చిన్నవాడి మాట విని, రెండు వందలు తీసి ఒకటి తిరిగిస్తే సరిపోతుందని పెద్దవాడు నేర్చుకోవడం నేను చూశాను. రాతపనిలో అయిదు తరగతులకు అయిదు పేజీలు కావాలి, మాటకు ఒక్క బోర్డు చాలు.

హుషారైన నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఇది నిజమైన జబ్బు. ఎవరు మాట్లాడతారన్నదాంట్లో ఆడపిల్లా మగపిల్లాడా, ఏ వీధి పిల్ల అన్నవి కూడా దూరతాయి, దాచుకోవడం దేనికి! మందు కూడా ఉంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించింది: ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పుతారు. నేను నా వాచీ పెట్టుకుని చూసుకున్నాను. నేను ఒక్క సెకను కూడా ఆగడం లేదు.

వెనకబడ్డ పిల్లలకు ఇన్ని దారులు చూపిస్తే గందరగోళమే, వాళ్లకు ఒక్కటే నేర్పాలి. ఇది గట్టి అభ్యంతరం. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో రాసిన వ్యాసంలో, కొత్తగా నేర్చుకునేవాళ్లను మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నేర్చుకోలేరని వాదించారు. వాళ్లతో నాకు తగువు లేదు. కానీ ఆ పది నిమిషాల చర్చ వదిలేయడం కాదు, అందులో టీచరు పని ఎక్కువే. 43 – 18 ముందు 43 – 20, ఆ తర్వాత 43 – 19 ఇస్తాను, దారి తెరుచుకోవడానికి. పిల్ల మాటను బోర్డు మీద గీతగా, అంకెగా మారుస్తాను. ఏ దారి తర్వాత ఏ దారి చెప్పించాలో ముందే అనుకుని వెళతాను. ఏదో ఒక దారి గట్టిగా పట్టుబడేదాకా తర్వాత అదే పనిగా సాధన చేయిస్తాను. పదిలోపు జంటలు, ఏడూ మూడూ పది, ఆరూ నాలుగూ పది, ఇవి నిద్రలో లేపి అడిగినా రావాలి. ఇందులో బట్టీని నేను తప్పుపట్టను. అవి లేకపోతే చర్చకు సరుకే ఉండదు. వెనకబడ్డ పిల్ల ఇప్పుడు ఒక్క పద్ధతితోనే గందరగోళంలో ఉంది, అది మరవొద్దు. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. ముగ్గురిలో ఇద్దరికి రావడం లేదు. ఇది చర్చ పెట్టి పాడుచేసిన ఫలితం కాదు. ఒకే పద్ధతి, ఒకే పద్ధతి అని దశాబ్దాలుగా రాయించిన ఫలితం.

అబాకస్, వేద గణితం సంగతి. పూసల మీద వేళ్లాడించి పిల్ల మూడు సెకన్లలో జవాబు చెబితే తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది, వేడుకల్లో వేదిక ఎక్కిస్తారు. వేగం తప్పు కాదు. కానీ ఆ వేగానికి "ఎందుకలా?" అనే ప్రశ్న తగిలించి చూడండి. నెలకు వెయ్యి రూపాయలు పెట్టి కొన్న కిటుకు, వామనగుంటల్లో గింజలు పంచుతూ ఏ గుంటలో ఆగుతుందో ముందే లెక్కేసుకునే పిల్ల దగ్గర ఉచితంగా ఉన్నదాన్ని మించదు. అష్టాచెమ్మాలో ఎనిమిది పడితే కాయ ఎక్కడికి పోతుంది, నాలుగు పడితే ఎవర్ని చంపుతుంది అని అమ్మమ్మతో గొడవపడే పిల్ల చేసేదీ నోటిలెక్కే, అదీ చర్చతోనే.

అసలు అడ్డంకి వేరే ఉందని నా అనుమానం. నోట్‌బుక్కు. సాయంత్రం పిల్ల ఇంటికి వెళ్లగానే, "ఇవాళ ఏం రాయించారు?" అని అడుగుతారు. ఏమీ రాయించలేదంటే టీచరు పనిచేయలేదని అర్థం. అధికారి వస్తే పుస్తకాలు తిరగేస్తారు, దిద్దిన గుర్తులు, తేదీలు, సంతకాలు చూస్తారు. మాటకు సాక్ష్యం ఉండదు. 1929లో అమెరికాలో న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్ పట్టణంలో బెనెజెట్ అనే విద్యాధికారి కొన్ని బళ్లలో చిన్న తరగతుల లెక్కల పాఠాలు ఎత్తేసి, పిల్లల చేత మాట్లాడించడం, అంచనాలు వేయించడం మొదలుపెట్టాడు. ఇంటి భాష ఇంగ్లీషు కాని తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్న బళ్లనే అందుకు ఎంచుకున్నాడు, చదువుకున్న తల్లిదండ్రులైతే గొడవ చేస్తారని. అంత పెద్దమనిషికే ఆ భయం ఉంటే మండలంలో పనిచేసే టీచరు సంగతి చెప్పాలా? ఆ పిల్లలు ఆలస్యంగా లెక్కలు మొదలుపెట్టి కూడా మిగతావాళ్లను అందుకున్నారు.

విచిత్రమేమిటంటే కాగితం మీద మనం గెలిచే ఉన్నాం. పునాది దశకు 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం లెక్కల పీరియడ్‌లో నోటితో మాట్లాడే గణితానికి విడిగా చోటిచ్చింది. నాకు తెలిసిన చాలా బళ్లలో ఆ చోటును రెండో ఎక్కం, మూడో ఎక్కం ఆక్రమించాయి. పిల్లలు నోరు తెరిచే ఉన్నారు కదా, రిజిస్టరులో సరిపోయింది.

కాబట్టి చివరి మాట తనిఖీకి వచ్చే అధికారులకు చెబుతాను, మా సీనియర్ మిత్రుడికి కాదు. ఆయన ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఈసారి మా బడికి వచ్చినప్పుడు నోట్‌బుక్కుల కట్ట అడగకండి. వెనక బల్ల మీద, 35 చెప్పిన పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చోండి. వాడు ఇప్పుడు 62 – 37 ఎలా చేస్తాడో వాణ్ణే అడగండి. జవాబు వచ్చేదాకా మాత్రం దయచేసి ఏమీ అనకండి.